హైదరాబాద్ ఎండలో సరీసృపాలకు విడి గది: పునాది నుంచి ప్రాణులు అడుగుపెట్టేదాకా

చలిదేశాల్లో పాముల్నీ బల్లిజాతి ప్రాణుల్నీ పెంచేవాళ్లు పెరట్లో విడిగా గది కట్టుకునే పద్ధతులు చదివితే, సగం పేజీలు గదిని వెచ్చగా ఎలా ఉంచాలనే దాని మీదే ఉంటాయి. వాటిని పట్టుకుని హైదరాబాద్‌లో గది కడితే తయారయ్యేది పొయ్యి. మనకి మే నెలలో బయట నీడలోనే 41, 42 డిగ్రీలు మామూలు. ఆఫ్రికాకు చెందిన చిన్న కొండచిలువ జాతి బాల్ పైథాన్‌కి దాని పెట్టెలో వెచ్చని వైపు 32 చాలు, చల్లని వైపు 26 దగ్గర ఉండాలి. అంటే కిటికీ తెరిస్తే లోపలికొచ్చే గాలే దానికి పనికొచ్చే వేడి కంటే పది డిగ్రీలు ఎక్కువ. సరీసృపాలకు చెమట పట్టదు. వేడెక్కితే నీడకో బొరియకో నీళ్లలోకో పోవడమే వాటికి తెలిసిన ఉపాయం. పెట్టెలో ఉన్నప్పుడు ఆ దారి మనం మూసేసినట్టే. చలి తగిలితే ఓ రోజు మందకొడిగా పడుకుంటాయి, కానీ వేడి మితిమీరితే గంటల్లోనే ప్రాణం పోతుంది.

అందుకే ఈ గది ప్లాన్ మొత్తాన్ని ఒక్క ప్రశ్నతో తూచాలని నా గట్టి నమ్మకం. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, కరెంటు పోయింది, సాయంత్రం దాకా రాలేదు, మీరు ఆఫీసులో ఉన్నారు. లోపల ఏం జరుగుతుంది? ఏ గోడ, ఏ కప్పు, ఏ యంత్రం అన్నది ఈ ప్రశ్నకు జవాబుగా ఎంచుకోండి.

ఇటుక కొనకముందు చట్టం

మన దేశపు పాములు, ఉడుములు, తాబేళ్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో ఉన్నాయి. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, ఉడుము, నక్షత్ర తాబేలు, వీటిలో ఏదీ ఇంట్లో పెట్టుకోకూడదు. అదృష్టం కలిసొస్తుందంటూ నక్షత్ర తాబేలును చాటుగా అమ్మేవాళ్లు ఉన్నారు. 2019లో సైటిస్, అంటే అరుదైన ప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం, దాన్ని అత్యంత కట్టుదిట్టమైన మొదటి అనుబంధంలోకి చేర్చింది కూడా. ఎవరైనా బతిమాలి ఇచ్చినా తీసుకోకండి, అది జైలు దాకా వెళ్లే వ్యవహారం.

విదేశీ జాతుల సంగతి వేరు. 2022 సవరణతో సైటిస్ జాబితాలోని విదేశీ ప్రాణులు మన చట్టం నాలుగో షెడ్యూల్‌లోకి వచ్చాయి. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 2024 ఫిబ్రవరి 28న రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి. బాల్ పైథాన్, పెద్ద బల్లిజాతి ప్రాణి గ్రీన్ ఇగ్వానా ఈ జాబితాలోవే. ప్రాణి మీ చేతికొచ్చిన 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదుకు దరఖాస్తు పెట్టాలి. పిల్లలు పుట్టినా, ప్రాణి చనిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా ఆ కబురు కూడా అక్కడే చెప్పాలి. బిల్లు, దరఖాస్తు కాపీ లేకుండా అమ్మేవాళ్ల దగ్గర కొనకండి. విషసర్పాల ఊసే వద్దు.

కట్టడం అనుమతి గురించి ఒక్క మాట. ఇంటి చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్‌లో ఈ గది కట్టకండి. 2012 నాటి జీవో 168 నిబంధనల్లో ఏ సైజు ప్లాటుకు ఎంత వదలాలో స్పష్టంగా ఉంది. పొరుగువాళ్లు ఫిర్యాదు చేస్తే కూల్చేది గదిని, నడిరోడ్డున పడేది ప్రాణులు. అద్దె స్థలమైతే ఇటుక గోడలు కాకుండా, విప్పి తీసుకెళ్లగలిగే పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన పలక) క్యాబిన్ వేసుకోండి.

ఎవరి కోసం, ఎంత గది

పెద్దయిన ఇగ్వానా తోకతో కలిపి అయిదడుగులు దాటుతుంది. దానికి ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల పొడవు, మూడడుగుల లోతు ఉన్న పంజరం కావాలి. కొనేటప్పుడు అది అరచేతిలో పట్టే పిల్ల, అందుకే చాలామంది ఈ లెక్క వేయరు. బాల్ పైథాన్‌కి, బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లిజాతి ప్రాణికి ఒక్కోదానికి నాలుగడుగులు బై రెండడుగుల పెట్టె. వీటన్నిటి మధ్య నడవడానికి కనీసం మూడున్నర అడుగుల దారి వదలండి. చేతిలో టబ్బుతో వంగి, లేచి, వెనక్కి తిరగాల్సింది అక్కడే. భయపడిన ఇగ్వానా తోకతో కొట్టేదీ అక్కడే.

లోపలి కొలత 12 అడుగులు బై 10 అడుగులు ఉంటే ఒక ఇగ్వానా, నాలుగైదు పాములు, సింకు, చిన్న బల్ల హాయిగా సరిపోతాయి. జాతుల్ని ఎంచుకునేటప్పుడు తేమ లెక్క చూడండి. ఇగ్వానాకు 70 శాతం తేమ బాగుంటుంది, బాల్ పైథాన్‌కి 60. బియర్డెడ్ డ్రాగన్ ఆస్ట్రేలియా ఎడారి ప్రాణి, దానికి 30, 40 శాతం చాలు. ఎక్కువ రోజులు తడి గాలిలో ఉంటే దాని ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. ఒకే గదిలో ఇద్దరినీ సుఖపెట్టడం కష్టం. మొదటి గది కట్టేవాళ్లు ఒకే రకం వాతావరణం కోరే జాతులకే పరిమితమైతే సగం టెన్షన్ తగ్గుతుంది.

చోటు, దిక్కు, పునాది

మేడ మీద ఖాళీగా ఉంది కదా అని అక్కడ కట్టకండి. ఎండ, స్లాబు వేడి రెండూ కలిసేది అక్కడే. నేల మీద, ఇంటికి తూర్పు వైపు గానీ ఉత్తరం వైపు గానీ, మధ్యాహ్నం తర్వాత ఇంటి నీడ పడే చోటు దొరికితే అదే మంచి చోటు. గది పొడవు తూర్పు పడమరలుగా ఉంచితే పొట్టి గోడలే ఎండను ఎదుర్కొంటాయి. పడమటి గోడకు కిటికీ, వెంటిలేటర్ ఏదీ పెట్టకండి. సాయంత్రం నాలుగింటికి ఆ గోడ మీద చెయ్యి ఆనిస్తే ఎందుకో అర్థమవుతుంది. వాస్తు చూసేవాళ్లు పశువుల కొట్టంలాగా దీన్ని వాయవ్యంలో పెట్టమంటారు. అలాగే పెట్టుకున్నా ఇబ్బంది లేదు, కాకపోతే పడమటి గోడకు బయట నీడ తప్పనిసరి. అక్కడ మందార చెట్లు గుబురుగా పెంచండి. నీడకు నీడ, ఇగ్వానాకు ఆకులూ పువ్వులూ మేత. మునగ కూడా మంచిదే, దాని ఆకులో కాల్షియం పుష్కలం. కానీ మునగ కొమ్మ పెళుసు, గాలివానకు విరిగి కప్పు మీద పడుతుంది. నాలుగడుగులు ఎడంగా నాటండి.

నగరంలో చాలాచోట్ల కొద్ది అడుగులు తవ్వితే మొరం, దాని కింద రాయి తగులుతాయి. అక్కడ పునాదికి దిగుల్లేదు. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నల్లరేగడి ఉన్న చోట్ల మాత్రం గట్టి నేల తగిలేదాకా దిగాల్సిందే. వానకి ఉబ్బి, ఎండకి బీటలు తీసే ఆ మట్టి మీద గోడ కడితే గోడ చీలుతుంది, ఆ చీలికే మీ పాముకి దారి అవుతుంది. నేలమట్టం నుంచి రెండడుగులైనా పైకి లేపండి. 2020 అక్టోబరు వానలప్పుడు మీ వీధిలో నీళ్లు ఎంత ఎత్తు నిలిచాయో ఇరుగుపొరుగును అడిగి, అంతకంటే అడుగు ఎక్కువే పెట్టుకోండి. చెదల మందు పునాది దశలోనే మట్టికి కొట్టించాలి. గది కట్టాక, ప్రాణులు వచ్చాక ఆ పని చేయకూడదు.

నేలకు లేత రంగు, గరుకు టైల్స్ వేయించండి. తప్పించుకున్న పాము లేత నేల మీద ఇట్టే కనబడుతుంది. పది అడుగులకు ఇంచిన్నర వాలు ఇచ్చి, నీళ్లు పోయే తూముకు స్టీలు జాలీ బిగించి, బయట ఇంకుడు గుంతకు కలపండి. నేల, గోడ కలిసే మూలను సిమెంటుతో గుండ్రంగా తీయిస్తే మురికి చేరదు.

గోడలు, కప్పు

డబ్బంతా ఎక్కడ పెట్టాలని అడిగితే నేను కప్పు మీద పెట్టమంటాను. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలోనూ, మళ్లీ ఆగస్టు మొదట్లోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రోజుల్లో గోడల మీద కంటే కప్పు మీద పడే ఎండే ఎక్కువ. ఉత్త సిమెంటు రేకులో ఇనుప రేకులో వేసి కింద ఫాల్స్ సీలింగ్ బిగిస్తే పని అయిపోయిందనుకోవద్దు. రేకు కింద గాలి ఉడికిపోతుంది, పైగా ఫాల్స్ సీలింగ్ వెనక దూరిన పామును మళ్లీ పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

స్లాబు వేసేటట్టయితే దాని పైన రెండు మూడు అంగుళాల ఎక్స్‌పీఎస్ షీటు (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలక), దాని మీద వాటర్‌ప్రూఫింగ్, దాని మీద తెల్ల టైల్ ముక్కలు. వేడిని ఆపే పొర స్లాబు పైన ఉండాలి, కింద కాదు. కింద పెడితే స్లాబు పగలంతా వేడి తాగి రాత్రంతా లోపలికి వదులుతుంది. స్లాబు వద్దనుకుంటే 50 మిల్లీమీటర్లకు తగ్గని పఫ్ ప్యానెల్ కప్పు వేసుకోవచ్చు, త్వరగా అవుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చాక తెల్ల పూతలు వేసే పనివాళ్లు తేలిగ్గానే దొరుకుతున్నారు.

దీని మీద ఇంకొక్క పొర చెప్తాను, ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఇనుప పైపులతో కప్పుకు అడుగున్నర ఎత్తున ఫ్రేము కట్టి, దాని మీద 75 శాతం షేడ్‌నెట్ లాగి బిగించండి. ఎండ నెట్ దగ్గరే ఆగిపోతుంది, మధ్యలో గాలి ఆడుతుంది. వేసవిలో మన వాకిట్లో పందిరి చేసే పని ఇదే. తాటాకులు, కొబ్బరాకులు మాత్రం వద్దు. ఎలుకలు గూళ్లు పెడతాయి, నిప్పు భయం కూడా.

గోడలకు ఎనిమిదంగుళాల ఏఏసీ బ్లాకులు, అంటే లోపల గాలి బుడగలుండే తేలికైన సిమెంటు బ్లాకులు, వాడండి. తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడతో పోలిస్తే ఇవి లోపలికి వదిలే వేడి సుమారు మూడో వంతే. ఒక లోపం ఉంది, నీళ్లు పీలుస్తాయి. బయట ప్లాస్టరింగ్ మీద మంచి వెదర్‌ప్రూఫ్ పెయింట్ తప్పదు, అదీ లేత రంగే. బరువైన పెట్టెల్ని ఈ గోడలకు వేలాడదీయకుండా నేల మీద నిలబడే ఇనుప ర్యాకుల్లో పెట్టుకోండి.

లోపల ఒక మూల రెండు వందల లీటర్ల నీళ్ల డ్రమ్ము మూత బిగించి పెట్టండి. వింతగా అనిపించొచ్చు, లెక్క చూడండి. అన్ని నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన వేడి, 12 బై 10 గదిలోని గాలి మొత్తం ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన దానికంటే ఇరవై రెట్లు ఎక్కువ. ఏసీ నడిచేటప్పుడు చల్లబడ్డ ఆ డ్రమ్ము, కరెంటు పోయాక వేడిని తనలోకి లాక్కుంటూ గదిని నిలబెడుతుంది. ఆ నీళ్లే ప్రాణుల గిన్నెలకు వాడుకోవచ్చు, నల్లా నీళ్లలోని క్లోరిన్ కూడా కొంత విరిగిపోయి ఉంటుంది.

తలుపులు, సందులు

ఈ గదికి రెండు తలుపులు ఉండాలి, మధ్యలో నాలుగడుగుల వసారా. బయటి తలుపు మూసి గడియ పెట్టాకే లోపలి తలుపు తెరవాలి. లోపలి తలుపులో కంటి ఎత్తున ఒక అద్దం, మోకాలి ఎత్తున ఇంకొక అద్దం పెట్టించండి. రెండోది నేల మీద ఏమైనా ఉందేమో చూసుకోవడానికి. చెక్క తలుపులు వానాకాలం ఉబ్బి సరిగా పడవు, అందుకని యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) గానీ డబ్ల్యూపీసీ (చెక్కపొడి కలిపిన ప్లాస్టిక్) గానీ వాడండి. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ.

మేస్త్రితో ముందే ఒక మాట అనుకోవాలి. ఇళ్లు కట్టే అలవాటులో వాళ్లు కొన్ని పనులు అడక్కుండానే చేసేస్తారు.

"వెంటిలేటర్లకు సిమెంటు జాలీ పెట్టేస్తా సార్, గాలి బాగా వస్తది."

"వద్దన్నా. ఆ కంతల్లోంచి నా వేలు పోతే పాము కూడా పోతుంది. స్టీలు మెష్ కావాలి, ఆరు మిల్లీమీటర్లకు మించిన కన్ను ఉండకూడదు."

ఇలా నోటితో చెప్పి వదిలేయకుండా మెష్ ముక్క తెచ్చి చేతిలో పెట్టండి. పాము ఒళ్లు కాదు, తల పట్టే సందు ఉంటే చాలు బయటపడుతుంది. ఏసీ రాగి పైపు వచ్చే కంత, కరెంటు పైపులు, సింకు కింది గొట్టం, స్విచ్ బోర్డుల వెనక ఖాళీలు, ఇవన్నీ సిమెంటుతోనో సిలికాన్‌తోనో మూయాలి. ఒట్టి ఫోమ్ నింపి వదిలేస్తే ఎలుక కొరికేస్తుంది. పందికొక్కులున్న పేటల్లో పునాది చుట్టూ అడుగు లోతున ఇనుప మెష్ పాతిపెట్టండి.

పని అయ్యాక ఒక పరీక్ష చేయండి. అమావాస్య దగ్గరి రాత్రి, లోపల అన్ని లైట్లూ వేసి, తలుపులు మూసి, బయట చీకట్లో గది చుట్టూ నెమ్మదిగా తిరగండి. వంగి తలుపు కింద చూడండి, నిచ్చెన ఎక్కి కప్పు గోడ మీద కూర్చునే చోటు చూడండి. సన్నటి వెలుగు గీత ఎక్కడ కనబడితే అక్కడ చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి. పొద్దున్న ఆ గుర్తులన్నీ మూయించండి, మళ్లీ రాత్రికి తిరగండి.

లోపలి పాము బయటికి రావడం ఒక భయం, బయటి పాము లోపలికి రావడం ఇంకొకటి. మేత ఎలుకల వాసనకు జెర్రిపోతులూ నాగుపాములూ వస్తాయి. గది చుట్టూ రెండడుగుల మేర గడ్డి, రాళ్లకుప్పలు లేకుండా బండలు పరిపించండి. వస్తే చంపకండి, పట్టడానికి మీరు దిగకండి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాలంటీర్లు ఇలాంటి పనికే ఉన్నారు, వాళ్ల నంబరు తలుపు మీద రాసి పెట్టుకోండి.

కరెంటు

ఇంటి బోర్డు నుంచి ఈ గదికి విడిగా వైరు లాగి, గదికి సొంత డీబీ (ఫ్యూజులూ స్విచ్‌లూ ఉండే పంపిణీ బోర్డు) పెట్టించండి. ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, ప్లగ్గులకు 2.5. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ముప్పై మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ లేకుండా తడి చేతులతో పనిచేసే గది ఉండకూడదు. అయితే ఒకటే పెట్టి వదిలేయకండి. ఏసీల లైనుకు ఒకటి, హీటర్లూ లైట్ల లైనుకు ఒకటి విడిగా పెట్టించండి. ఎక్కడో ఒక హీటర్ తీగ తడిసి ట్రిప్ అయితే ఏసీ కూడా ఆగిపోయే పరిస్థితి మే నెలలో తెచ్చుకోవద్దు. ఎర్తింగ్ గుంట కూడా గదికి సొంతంగా తీయించండి. ప్లగ్గులన్నీ నీళ్లు చిమ్మే ఎత్తుకు పైన ఉండాలి.

ఏసీ ఒకటిన్నర టన్నుది ఒకటి కొనడం కంటే ఒక టన్నువి రెండు కొనమని నా సలహా. రోజు మార్చి రోజు నడపండి. ఒకటి చెడిపోయినా మెకానిక్ వచ్చేదాకా రెండోది కాపాడుతుంది. వేసవిలో రిపేరుకు పిలిస్తే "రేపొస్తా సార్" అనే మాట ఎన్ని రోజులు వినాలో మీకు తెలుసు. ఏసీని 26 దగ్గర ఉంచండి. గది మొత్తం అన్ని ప్రాణుల్లోకీ చల్లదనం కోరే దాని లెక్కకు ఉండాలి, వెచ్చదనం ఎవరి పెట్టెలో వాళ్లకు విడిగా ఇవ్వాలి. ఈ గది నడిపే కిటుకంతా ఇదే. ఎయిర్ కూలర్ ఏప్రిల్ పొడి ఎండలో బాగానే పనిచేస్తుంది, కానీ జూన్‌లో వానలు మొదలయ్యాక గాలిని తడపడం తప్ప ఏమీ చేయలేదు.

పెట్టెల్లో వేడికి సిరామిక్ హీటర్లు, హీట్ ప్యానెళ్లు ఏవైనా సరే, పెట్టిన అంకెకు వేడి చేరగానే హీటర్‌ని ఆపే థర్మోస్టాట్ లేకుండా ఒక్క గంట కూడా వద్దు. చౌక థర్మోస్టాట్‌లలో రిలే (లోపలి స్విచ్) అతుక్కుపోయి హీటర్ ఆగకుండా వెలుగుతూనే ఉండడం బాగా తెలిసిన జబ్బు. అందుకని ఒకదాని తర్వాత ఒకటి రెండు థర్మోస్టాట్‌లు కలపండి. బాల్ పైథాన్‌కయితే మొదటిది 32కు, రెండోది 34కు. మొదటిది మొండికేస్తే రెండోది కోసేస్తుంది. ప్రతి హీటర్‌కీ ఇనుప జాలీ తొడుగు ఉండాలి. వెచ్చదనం కోసం పాము దాన్నే చుట్టుకుంటుంది, కాలుతున్నా చాలాసార్లు కదలదు.

ఇగ్వానాకు, బియర్డెడ్ డ్రాగన్‌కి యూవీబీ ట్యూబు, అంటే ఎండలోని ఒక రకం అతినీలలోహిత కిరణాల్ని ఇచ్చే ట్యూబు, కావాలి. అది లేకపోతే డీ విటమిన్ తయారవదు, ఎముకలు మెత్తబడతాయి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండతో ఆ పని జరగదు, గాజు యూవీబీని ఆపేస్తుంది. ట్యూబు వెలుగుతూనే ఉన్నా అందులో యూవీబీ తగ్గిపోతుంది కాబట్టి ఏడాదికోసారి మార్చాలి, బిగించిన తేదీ ట్యూబు మీదే మార్కర్‌తో రాయండి.

ఇక మన అసలు ప్రశ్న, కరెంటు కోత. మామూలు ఇంటి ఇన్వర్టర్‌కి ఉండే 150 ఏహెచ్ బ్యాటరీలో నమ్ముకోదగినవి వెయ్యి వాట్ అవర్లు. అది ఏసీని మోయలేదు. గదిలో గాలి తిప్పే చిన్న ఫ్యాను, వైఫై రూటర్, టెంపరేచర్ సెన్సర్, వీటిని మాత్రం పది గంటల పైనే నడుపుతుంది. హీటర్లను ఇన్వర్టర్ మీద పెట్టకండి, కరెంటు పోయినప్పుడు అవి ఆగిపోవడమే మంచిది. పగటిపూట కరెంటు పోతే ఎగ్జాస్ట్ ఫ్యాను అస్సలు వేయకండి. లోపల 27, బయట 42 ఉన్నప్పుడు అది చేసేది వడగాలిని లోపలికి లాగడమే. తలుపులు మూసి ఉంచడమే మందు.

మేతకు పెట్టుకునే ఫ్రీజర్‌లో కొంచెం చోటు మిగిల్చి రెండు లీటర్ల నీళ్ల సీసాలు ఆరు ఎప్పుడూ గడ్డకట్టి ఉంచండి. కరెంటు పోయినప్పుడు వాటిని ట్రేలో పెట్టి ఫ్యాను ముందు నిలబెడితే, ఆ మంచు కరిగేలోపు లాక్కునే వేడి టన్ను ఏసీ ఇరవై నిమిషాల్లో తోడేసినంత. వినడానికి కొంచెమే. కానీ పైన చెప్పినట్టు కట్టిన గదిలోకి చొరబడే వేడి తక్కువ కాబట్టి, అది గంటన్నర, రెండు గంటలు నిలబెడుతుంది. మీ పేటలో కోతలు అంతకంటే ఎక్కువైతే చిన్న జనరేటర్ కొనక తప్పదు. దాన్ని బయట, పొగ లోపలికి రాని వైపు పెట్టాలి.

గాలి, నీళ్లు, శుభ్రం

ఉత్తరం గోడకు కింద, ఎదుటి గోడకు పైన మెష్ బిగించిన వెంటిలేటర్లు పెట్టి, పైదానికి ఎగ్జాస్ట్ బిగించండి. రెండింటికీ మూతలు ఉండాలి. మార్చి నుంచి మే దాకా పగలు మూసి, తెల్లవారుజామున నాలుగింటికి తెరిస్తే రోజులో అన్నిటికంటే చల్లటి గాలి దొరుకుతుంది. డిసెంబరు, జనవరిల్లో దీనికి తిరగేసి చేయండి. రాజేంద్రనగర్, పటాన్‌చెరు వైపు చలికాలం రాత్రులు పది డిగ్రీలకు దిగుతాయి. ఈ గోడలకు పెట్టెల్లోని హీటర్లే చాలావరకు సరిపోతాయి. చాలకపోతే థర్మోస్టాట్ ఉన్న ఆయిల్ హీటర్ పెట్టండి. బొగ్గుల కుంపటి మాత్రం ఎన్నడూ వద్దు, మూసిన గదిలో ఆ విషవాయువు మనుషుల్నే బతకనివ్వదు.

బోరు నీళ్లు మనకి చాలాచోట్ల ఉప్పన. ఫాగర్లలో, మిస్టింగ్ నాజిళ్లలో పోస్తే తెల్లగా పేరుకుని మూసుకుపోతాయి. వాటికి ఆర్‌ఓ నీళ్లు వాడండి.

సింకు ఈ గదికే విడిగా ఉండాలి. సరీసృపాల ఒంటి మీద మనకు జబ్బు చేసే సాల్మోనెల్లా బాక్టీరియా ఉండడం మామూలే, వాటి గిన్నెలు వంటింట్లో కడగకూడదు. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఈ నియమం ఇంకా గట్టిగా పాటించండి. ఫినాయిలు, నల్ల ఫినాయిలు ఈ గదిలోకి తేకండి, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందు వాడండి. దోమల చక్రాలు, లిక్విడ్ రీఫిల్స్, బొద్దింకల స్ప్రే, కలరా ఉండలు, అగరుబత్తులు ఏవీ వద్దు. చీమల బెడదకు పాత ఉపాయమే మందు. ర్యాకు కాళ్ల కింద నీళ్లు పోసిన పళ్లేలు పెట్టండి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి.

ఖాళీ గదిని పరీక్షించడం

గది సిద్ధమయ్యాక మనసు ఆగదు, తెలుసు. అయినా ఆగండి. పెయింటు, సిలికాన్ వాసన పూర్తిగా పోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో పెట్టెలన్నీ అమర్చి, హీటర్లు, లైట్లు అన్నీ వేసి, ఖాళీగా నడపండి. ర్యాకు కింది అరలో ఒకటి, పై అరలో ఒకటి కనిష్ఠ గరిష్ఠ థర్మామీటర్లు పెట్టండి. పైఅర కింది అర కంటే రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. చల్లదనం కోరేవి కింద, వేడి కోరేవి పైన అని అప్పుడు తేలుతుంది. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి అంకెలు ఒక నోట్‌బుక్‌లో రాయండి.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఎండాకాలంలో చేయండి. మధ్యాహ్నం రెండింటికి ఈ గది మెయిన్ ఆపేయండి. తలుపు మూసి, బయట కూర్చుని ఫోన్‌లో సెన్సర్ చూస్తూ ఉండండి. 27 నుంచి 32కు ఎంతసేపటికి చేరిందో రాసుకోండి. నాలుగు గంటలు పడితే గది బాగున్నట్టే. గంటలోపే చేరితే ప్రాణుల్ని తేకండి. కప్పు మీద ఇంకో పొర వేయాలో, ఎక్కడో సందు మిగిలిపోయిందో చూడాలి. ఈ పరీక్షలో వచ్చిన గంటల లెక్కే రేపు మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ఫోన్ మోగితే ఎంతలోగా ఇంటికి చేరాలో చెప్తుంది. సెన్సర్ అలారం 31కి పెట్టండి. పొరుగింట్లో ఒకరికి తాళం చెవి ఇచ్చి, మంచు సీసాలు ఎక్కడున్నాయో చూపించండి. వాళ్లను ఒకసారి లోపలికి పిలిచి అన్నీ చూపిస్తే భయం కూడా సగం పోతుంది.

ప్రాణుల్ని చేర్చడం

ఒకేసారి అన్నీ తేవద్దు. ముందు ఒకటే, అదీ గట్టిదాన్ని. కొత్తగా కొన్న ప్రతి ప్రాణినీ రెండు మూడు నెలలు వేరే గదిలో, వేరే గిన్నెలు, వేరే పటకారుతో ఉంచాలి. పాముల పొలుసుల కింద నల్ల ఆవగింజల్లాంటి పేనుపురుగులు ఒక్కసారి ఈ గదిలో చేరితే అన్ని పెట్టెలకూ పాకుతాయి. రోజూ ముందు పాత ప్రాణుల పని ముగించి, ఆ తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లాలి. ఇలాంటి పురుగులకు పాములకు వాడే ఐవర్‌మెక్టిన్ మందు తాబేళ్లకు ప్రాణాంతకం, కాబట్టి సొంత వైద్యం వద్దు. సరీసృపాల్ని చూసే పశువైద్యుణ్ణి ప్రాణి కొనకముందే వెతికి పెట్టుకోండి. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో అడిగితే దారి తెలుస్తుంది.

కొత్త గదిలో మొదటి వారం పాము మేత ముట్టకపోతే కంగారుపడకండి. ముట్టుకోకుండా, దాక్కోవడానికి రెండు వైపులా గూళ్లు పెట్టి వదిలేయండి. బరువు రాసుకుంటూ ఉండండి. వారానికోసారి థర్మోస్టాట్‌ల అంకెల్ని వేరే థర్మామీటర్‌తో సరిచూడండి. నెలకోసారి ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కండి. ఏటా ఫిబ్రవరి నెలాఖరుకల్లా కప్పుకు తెల్ల పూత, షేడ్‌నెట్ బిగింపు, రెండు ఏసీల సర్వీసింగ్ అయిపోవాలి. మార్చి దాటితే పనివాళ్లు దొరకరు.